మినీడీవీ టేపు నుంచి ఎడిటింగ్ టైమ్‌లైన్ దాకా: పాత కంప్యూటర్‌లో క్యాప్చర్, కొత్తదానిలో ఎడిటింగ్

2000 తర్వాత ఓ పదేళ్ల పాటు మన దగ్గర పెళ్లయినా, ఓణీల ఫంక్షనయినా, గృహప్రవేశమయినా వీడియో ఎక్కువగా మినీడీవీ టేపు మీదే తీశారు. చేతికి వీసీడీనో డీవీడీనో వచ్చింది. అసలు టేపులు మాత్రం అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద సైజులో, బీరువా అడుగునో స్టూడియో అటక మీదో ఉండిపోయాయి. ఇప్పుడు వాటిని తీసి మళ్లీ ఎడిట్ చేద్దామంటే ఒక చిక్కు ఎదురవుతుంది. టేపులోని వీడియో కంప్యూటర్‌లోకి రావాలంటే ఫైర్‌వైర్ పోర్టు (కెమెరా నుంచి వీడియో లాగడానికి అప్పట్లో వాడిన కనెక్షన్) కావాలి. అదేమో పాత కంప్యూటర్లలోనే ఉంది. ఆ పాత కంప్యూటర్లలో ఇప్పటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నడవదు. కొత్త ల్యాప్‌టాప్‌లో అంతా బాగానే ఉంటుంది, కెమెరా తగిలించే చోటు తప్ప.

అందుకని పనిని రెండు కంప్యూటర్లకు పంచండి. పాతది టేపు నుంచి లాగుతుంది, కొత్తది ఎడిట్ చేస్తుంది. మధ్యలో పాటించాల్సింది ఒక్కటే: ఎక్కడా వీడియోను మళ్లీ కంప్రెస్ చేయకూడదు. వీహెచ్‌ఎస్‌లా ఇది అనలాగ్ టేపు కాదు, ఇందులో ఉన్నది అప్పటికే డిజిటల్ డేటా. ఫైర్‌వైర్ ద్వారా ఆ డేటానే ఉన్నదున్నట్టు కాపీ చేసుకుంటాం. కాపీ అయినంత వరకు క్వాలిటీ ఇసుమంత కూడా తగ్గదు. ఎవరైనా "ముందు ఎంపీ4 చేసుకోండి, సైజు తగ్గుతుంది" అంటే వినకండి. ఆ ఎంపీ4 ఇంట్లోవాళ్లకు వాట్సాప్‌లో పంపడానికి, ఎడిటింగ్‌కి కాదు.

టేపు ఏ రకమో చూసుకోండి

క్యాసెట్ ఒకేలా కనిపించినా లోపల రికార్డయింది వేరుగా ఉండొచ్చు. మామూలు హ్యాండీక్యామ్‌లో తీస్తే అది డీవీ. సోనీ పీడీ150, పీడీ170 లాంటి కెమెరాలతో స్టూడియోవాళ్లు తీసినవి డీవీక్యామ్ కావచ్చు. డీవీక్యామ్‌లో టేపు వేగంగా తిరుగుతుంది కాబట్టి 60 నిమిషాల క్యాసెట్‌లో 40 నిమిషాలే పడుతుంది. ఆ తర్వాత వచ్చిన హెచ్‌డీవీ కెమెరాలూ ఇవే క్యాసెట్లు వాడాయి. అందులో ఉండేది ఎంపెగ్2 వీడియో, అది మామూలు డీవీ కెమెరాలో ఆడదు. హెచ్‌డీవీ టేపుకి హెచ్‌డీవీ కెమెరానే వెతుక్కోవాలి.

ఎల్‌పీ మోడ్ ఇంకో తలనొప్పి. 60 నిమిషాల టేపులో 90 నిమిషాలు ఇరికించడానికి కొందరు ఎల్‌పీలో తీశారు. అలా తీసిన టేపు తీసిన కెమెరాలోనే సరిగ్గా ఆడుతుందన్న నమ్మకం ఉంటుంది, వేరేదాంట్లో గళ్లు గళ్లుగా రావచ్చు. కాబట్టి తీసిన కెమెరా ఇంకా బతికి ఉంటే ముందు దానితోనే ప్రయత్నించండి.

అమెరికా నుంచి అన్నయ్యో, పిన్నిగారో తెచ్చిన టేపులుంటే వాటిని పక్కన పెట్టండి. అక్కడి వీడియో పద్ధతి ఎన్‌టీఎస్‌సీ: 720 బై 480, సెకనుకి 29.97 ఫ్రేములు. మనది పాల్: 720 బై 576, సెకనుకి 25 ఫ్రేములు. ఇక్కడ కొన్న కెమెరాలు చాలావరకు ఎన్‌టీఎస్‌సీ టేపుని చదవవు. దానికి అక్కడి కెమెరానే తెప్పించుకోవడం మేలు. రెండు రకాలనూ ఒకే ఫోల్డర్‌లో కలిపేస్తే తర్వాత ఎడిటింగ్‌లో కదలికలు కుదుపులుగా వచ్చి, ఎందుకొస్తున్నాయో అర్థం కాక జుట్టు పీక్కుంటారు.

టేపు ఆడించే ముందు

క్యాసెట్ వెనక అంచున చిన్న స్లైడర్ ఉంటుంది. దాన్ని సేవ్ వైపు జరపండి. పొరపాటున రికార్డ్ బటన్ తగిలినా పాత పెళ్లి మీద మీ గది గోడ రికార్డవకుండా ఉంటుంది. క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్టను వెలుతురులో చూడండి. తెల్లటి పొడిలాగా, మచ్చల్లాగా కనిపిస్తే అది బూజు. కోస్తా తేమలో ఏళ్ల తరబడి ఉన్న టేపులకు ఇది మామూలే. అలాంటి టేపుని కెమెరాలో పెట్టొద్దు. టేపుని చదివే హెడ్ పాడవడమే కాక ఆ బూజు తర్వాతి టేపుకీ అంటుతుంది. దాన్ని శుభ్రం చేసేవాళ్లకు ఇవ్వండి.

బాగున్న టేపుని ముందు చివరిదాకా ఫాస్ట్ ఫార్వర్డ్ చేసి, మళ్లీ మొదటిదాకా రివైండ్ చేయండి. ఏళ్లుగా కదలని చుట్ట సర్దుకుంటుంది. బొమ్మలో గళ్లు ఎక్కువగా వస్తుంటే హెడ్ క్లీనింగ్ క్యాసెట్ ఓ పది సెకన్లు ఆడించండి చాలు. అది గరుకుగా ఉంటుంది, పదేపదే వాడితే హెడ్ అరిగిపోతుంది.

కెమెరాని బ్యాటరీ మీద నడపొద్దు, అడాప్టర్ పెట్టండి. గంట టేపు మధ్యలో చార్జింగ్ అయిపోతే పని మళ్లీ మొదటికొస్తుంది.

కేబుల్ దగ్గరే చాలామంది ఆగిపోతారు

కెమెరాకి రెండు సాకెట్లు ఉంటాయి: ఒకటి యూఎస్‌బీ, ఇంకోటి డీవీ లేదా ఐలింక్ అని రాసి ఉన్న చిన్న 4-పిన్ సాకెట్. కావాల్సింది రెండోది, అదే ఫైర్‌వైర్ (ఐలింక్ అనేది దానికి సోనీ పెట్టిన పేరు). చాలా కెమెరాల్లో యూఎస్‌బీ ఫొటోలకో, తక్కువ క్వాలిటీ వెబ్‌క్యామ్ వీడియోకో మాత్రమే పెట్టారు. ఇక ఆన్‌లైన్‌లో రెండు మూడు వందలకు అమ్మే "ఫైర్‌వైర్ టు యూఎస్‌బీ" పిన్ను కొనకండి. అది పిన్ను ఆకారం మారుస్తుందే తప్ప సిగ్నల్‌ని మార్చదు. కొన్నవాళ్లు ముందు డ్రైవర్ కోసం వెతుకుతారు, తర్వాత కెమెరాని తిడతారు. తప్పు రెండింటిదీ కాదు.

పాత డెస్క్‌టాప్ ఉంటే పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఫైర్‌వైర్ కార్డు వేయించుకోవచ్చు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఉన్నదైతే గొడవలు తక్కువ. సికింద్రాబాద్‌లో సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) చుట్టుపక్కల, కోఠీ గుజరాతీ గల్లీలో పాత సామాను అమ్మే షాపుల్లో అడిగి చూడండి. విండోస్ 10లో కార్డు కనిపించినా కెమెరా కనిపించకపోతే మైక్రోసాఫ్ట్ విడిగా ఇచ్చే, పేరు చివర లెగసీ అని ఉండే 1394 (ఫైర్‌వైర్‌కి ఇంకో పేరు) డ్రైవర్ వేసి, డివైస్ మేనేజర్‌లో దాన్నే ఎంచుకోండి. చాలా సందర్భాల్లో చిక్కు అక్కడితో విడిపోతుంది.

పాత మ్యాక్ ఉంటే అదృష్టవంతులు, ఫైర్‌వైర్ దానిలోనే ఉంటుంది. 800 రకం పోర్టుకి 9-పిన్ నుంచి 4-పిన్ కేబుల్ కావాలి. థండర్‌బోల్ట్ మాత్రమే ఉన్న మ్యాక్‌కి యాపిల్ అడాప్టర్లను ఒకదానికొకటి తగిలించి నడిపించవచ్చు. కానీ మ్యాక్‌ఓఎస్ 26 తహోలో ఫైర్‌వైర్ సపోర్ట్ పూర్తిగా తీసేశారు. కాబట్టి టేపుల పని మిగిలున్నంత కాలం ఆ మ్యాక్‌ని అప్‌డేట్ చేయకండి. లినక్స్‌లో ఫైర్‌వైర్ ఇంకా పనిచేస్తోంది. మూలన పడేసిన పాత ల్యాప్‌టాప్‌కి ఫైర్‌వైర్ పోర్టు ఉంటే దానిలో లినక్స్ వేసి ఈ పనికే వాడుకోవచ్చు. నన్నడిగితే ఖర్చు లేని దారి ఇదే.

తగిలించేటప్పుడు కెమెరా ఆఫ్‌లో ఉండాలి. కేబుల్‌కి కంప్యూటర్ వైపు 6-పిన్ ఉంటే అందులో కరెంటు వస్తుంది, వదులైన సాకెట్‌లో పిన్ను తిరగబడి దూరితే కెమెరా బోర్డే కాలిపోతుంది. ముందు కేబుల్, తర్వాత కెమెరా పవర్, ఆ తర్వాత ప్లే మోడ్. ఇదే వరుస. హెచ్‌డీవీ కెమెరా అయితే మెనూలో ఐలింక్ కన్వర్షన్ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. ఆన్‌లో ఉంటే హెచ్‌డీ వీడియో కాస్తా డీవీ సైజుకి తగ్గి వస్తుంది, మీకు తెలియను కూడా తెలియదు.

క్యాప్చర్

విండోస్‌లో విన్‌డీవీ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. హెచ్‌డీవీకి హెచ్‌డీవీ‌స్ప్లిట్ ఉంది. లినక్స్‌లో డీవీగ్రాబ్ రెండింటినీ లాగుతుంది. పాత మ్యాక్‌లో ఐమూవీ, ఫైనల్ కట్ ప్రో 7 ఉన్నాయి. అయితే ఐమూవీ హెచ్‌డీవీని వేరే కోడెక్‌లోకి (వీడియోని కుదించే పద్ధతిలోకి) మార్చేస్తుంది కాబట్టి దాన్ని డీవీ వరకే నమ్మండి. విండోస్ ఎక్స్‌పీలో మూవీ మేకర్ వాడేవాళ్లు ఒక చోట కళ్లు తెరుచుకుని ఉండాలి. క్వాలిటీ అడిగే పేజీలో పైన "రికమెండెడ్" అని టిక్ పెట్టి ఉన్నది డబ్ల్యూఎంవీ. దాన్ని వదిలేసి కింద ఉన్న డీవీ-ఏవీఐని ఎంచుకోవాలి. ఆ ఒక్క టిక్ వల్ల ఎన్నో ఇళ్ల టేపులు అనవసరంగా కంప్రెస్ అయి కూర్చున్నాయి.

సెట్టింగుల్లో రెండు మూడు విషయాలు. ఏవీఐలో టైప్-1, టైప్-2 అని రెండు రకాలు. టైప్-1లో ఆడియో, వీడియో ఒకే స్ట్రీమ్‌గా ఉంటాయి. టైప్-2లో ఆడియోని ఇంకో స్ట్రీమ్‌గా విడిగా కూడా రాస్తారు. వేరే కంప్యూటర్‌కి, అందులోనూ మ్యాక్‌కి పంపే ఆలోచన ఉంటే టైప్-2నే ఎంచుకోండి, ఎక్కువ సాఫ్ట్‌వేర్లు దాన్ని పేచీ లేకుండా తెరుస్తాయి. లినక్స్‌లోనైతే రా డీవీగా, అంటే ఏవీఐలో చుట్టకుండా డీవీ డేటాగానే పెట్టుకున్నా మంచిదే. డీవీగ్రాబ్ మామూలుగా 1 జీబీ దగ్గర ఫైల్‌ని ముక్కలు చేస్తుంది, సైజు ఆప్షన్‌లో సున్నా ఇస్తే ఆపేస్తుంది.

ఇక బొమ్మ నడుస్తుండగా చూడాల్సింది డ్రాప్డ్ ఫ్రేమ్స్ (జారిపోయిన ఫ్రేముల) అంకె. అది సున్నా దగ్గరే ఉండాలి. పెరుగుతుంటే టేపు తప్పు కాదు, కంప్యూటర్ వెనకబడుతోందని అర్థం. యాంటీవైరస్, ఇంటర్నెట్, బ్రౌజర్ అన్నీ ఆపండి. లోపలి డిస్క్‌కే క్యాప్చర్ చేయండి, యూఎస్‌బీ డిస్క్‌కి నేరుగా వద్దు. కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్లకుండా చూసుకోండి. గంట టేపుకి గంట పడుతుంది. దీన్ని తొందర పెట్టే మార్గం లేదు, ఆ గంటలో కాఫీ తాగి రండి.

బొమ్మలోనే గళ్లు వస్తే, అదీ ప్రతిసారీ ఒకే చోట వస్తే టేపు అక్కడ దెబ్బతిన్నట్టు. ఒక్కోసారి ఒక్కో చోట వస్తే మాత్రం ఆశ ఉంది. అదే టేపుని రెండు మూడు సార్లు లాగి, డీవీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వాటిలోని బాగున్న భాగాలను కలిపి ఒకే ఫైల్‌గా చేసుకోవచ్చు.

టేపు మధ్యలో ఖాళీ ఉంటే టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేముతో పాటు టేపు మీద రికార్డయ్యే టైమ్ అంకె) మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అక్కడ కొన్ని సాఫ్ట్‌వేర్లు క్యాప్చర్ ఆపేస్తాయి. కొత్త ఫైల్ మొదలుపెట్టి అక్కడి నుంచి కొనసాగించండి. దాదాపు ప్రతి టేపూ సున్నా టైమ్‌కోడ్‌తోనే మొదలవుతుంది కాబట్టి ఏ టేపు ఏదో ఫైల్ పేరులోనే ఉండాలి: టేపు నంబరు, సంవత్సరం, సందర్భం. అదే నంబరు క్యాసెట్ మీదా రాసిపెట్టండి. ఫైల్ పేరుకి ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, మధ్యలో అండర్‌స్కోర్ మాత్రమే వాడండి. తెలుగులో పెట్టాలని మనసు లాగుతుంది కానీ పాత సాఫ్ట్‌వేర్ దాన్ని ప్రశ్నార్థకాల వరుసగా మార్చేస్తుంది. మ్యాక్‌లో కుదిరే కొన్ని గుర్తులు విండోస్‌లో కుదరవు కూడా.

సైజు లెక్క

పాల్ డీవీలో ఒక్కో ఫ్రేము సరిగ్గా 1,44,000 బైట్లు. సెకనుకి 25 ఫ్రేములు, అంటే 36 లక్షల బైట్లు. గంటకి 12.96 జీబీ. బొమ్మలో ఏమున్నా, నల్లటి తెర ఉన్నా సైజు మారదు. ఇది మనకి మంచి పరీక్ష. రా డీవీ ఫైల్ సైజుని 36 లక్షలతో భాగిస్తే ఎన్ని సెకన్ల వీడియో ఉందో వచ్చేస్తుంది. టేపు 58 నిమిషాలు ఆడి లెక్కలో 51 వస్తే ఎక్కడో తేడా కొట్టినట్టే. టైప్-2 ఏవీఐలో ఆడియో రెండోసారి రాస్తారు కాబట్టి గంటకి 13.6 జీబీ దాకా వస్తుంది.

ఇక్కడ చాలామందికి టెన్షన్ పెట్టేది ఒకటుంది. గంట నిడివి ఉన్న రా డీవీ ఫైల్ మ్యాక్‌లో 12.96 జీబీ అని, విండోస్‌లో 12.07 జీబీ అని కనిపిస్తుంది. కాపీలో ఏమీ పోలేదు. మ్యాక్ జీబీని వంద కోట్ల బైట్లుగా లెక్కేస్తుంది, విండోస్ 1024ని మూడుసార్లు గుణించి లెక్కేస్తుంది. ప్రాపర్టీస్ తెరిచి బైట్ల అంకె చూడండి, రెండు చోట్లా ఒకటే ఉండాలి.

ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి

మధ్యవర్తిగా ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ తీసుకోండి. అసలు సంగతి దాని ఫార్మాట్‌లో ఉంది. ఫ్యాట్32 అయితే ఒక్క ఫైల్ 4 జీబీ దాటకూడదు. డీవీలో అది ఇరవై నిమిషాలకు కాస్త తక్కువ. డిస్క్‌లో 500 జీబీ ఖాళీ ఉన్నా "స్థలం లేదు", "ఫైల్ మరీ పెద్దది" అని వస్తుంటే కారణం ఇదే. ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్‌ని మ్యాక్ చదువుతుంది కానీ రాయదు. మ్యాక్ సొంత ఫార్మాట్లను విండోస్ అసలు గుర్తించదు, పైగా "ఫార్మాట్ చేయమంటారా" అని అడుగుతుంది. అప్పుడు అలవాటు కొద్దీ ఎస్ నొక్కారో, అంతే సంగతులు.

రెండు వైపులా చదివి రాయగలిగేది ఎక్స్‌ఫ్యాట్. దానితోనే ఫార్మాట్ చేయండి, అయితే డిస్క్‌లో ఉన్నదంతా పోతుందని గుర్తుంచుకోండి. విండోస్ ఎక్స్‌పీ అయితే ఎక్స్‌ఫ్యాట్ కోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చిన అప్‌డేట్ వేసి ఉండాలి. ఎక్స్‌ఫ్యాట్‌కి ఒక బలహీనత ఉంది. రాస్తుండగా కేబుల్ లాగేస్తే, కరెంటు పోతే కోలుకోవడం కష్టం. ప్రతిసారీ ఎజెక్ట్ కొట్టే తీయండి.

పాత కంప్యూటర్‌లో యూఎస్‌బీ 2.0 ఉంటే సెకనుకి 30 ఎంబీ దాకా వస్తుంది, ఒక టేపుకి ఏడెనిమిది నిమిషాలు. పది టేపులంటే గంటకి పైనే. రెండు కంప్యూటర్లకూ గిగాబిట్ నెట్‌వర్క్ పోర్టు ఉంటే వాటిని లాన్ కేబుల్‌తో కలిపేయండి, ఒక టేపు రెండు మూడు నిమిషాల్లో వెళ్లిపోతుంది, డిస్క్ ఫార్మాట్ గొడవ కూడా ఉండదు. గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి దించుకోవడం గురించి అడిగేవాళ్లుంటారు. పక్క గదిలో ఉన్న కంప్యూటర్‌కి 130 జీబీని అమెరికా సర్వర్ మీదుగా పంపడం ఎందుకు?

కాపీ అయ్యాక చెక్‌సమ్ సరిచూడండి. పెద్ద పనేం కాదు. విండోస్‌లో సర్ట్‌యుటిల్, మ్యాక్‌లో షాసమ్, లినక్స్‌లో షా256సమ్ అనే కమాండ్లు ఫైల్ మొత్తాన్ని చదివి పొడవాటి అక్షరాల వరుస ఒకటి ఇస్తాయి. పాత చోటా, కొత్త చోటా షా256తోనే తీయండి. వరుస ఒకటే వస్తే కాపీ బైటు తేడా లేకుండా వచ్చినట్టు. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైల్‌ని మళ్లీ కాపీ చేయాలి.

మ్యాక్ నుంచి తెచ్చిన ఎక్స్‌ఫ్యాట్ డిస్క్‌ని విండోస్‌లో తెరిస్తే ప్రతి వీడియో పక్కనా చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే అదే పేరుతో చిన్న ఫైల్ ఒకటి కనిపించొచ్చు, నాలుగైదు కేబీ ఉంటుంది. అది మ్యాక్ తన గుర్తుకి రాసుకున్న సమాచారం, వీడియో కాదు. ఫోల్డర్ మొత్తాన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి లాగితే వీటి దగ్గరే ఎర్రర్ వస్తుంది. విండోస్ వైపు వాటిని తీసేయొచ్చు.

కొత్త కంప్యూటర్‌లో

ఫైల్ తెరుచుకుంటే నేరుగా ఎడిటింగ్‌కి వెళ్లండి. ఏవీఐతో మ్యాక్ మొరాయిస్తే, రా డీవీతో విండోస్ మొరాయిస్తే కన్వర్టర్ జోలికి పోకండి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కోడెక్ దగ్గర కాపీ అని ఇచ్చి బయటి డబ్బా మాత్రం మార్చండి. ఏవీఐ నుంచి ఎంఓవీకి మారుతుంది, లోపలి వీడియో అదే ఉంటుంది. గంట ఫుటేజ్ నిమిషాల్లో అయిపోతుంది. అరగంట పైన పడుతూ ఫ్యాన్ హోరెత్తుతుంటే మీకు తెలియకుండా ఎన్‌కోడ్ అవుతోందని అర్థం, ఆపేయండి. ఒక జాగ్రత్త: షూటింగ్ జరిగిన తేదీ, టైమ్ డీవీ ఫ్రేముల్లోనే దాగి ఉంటాయి. కాపీలో అవి నిలుస్తాయి, ఎంపీ4లోకి ఎన్‌కోడ్ చేస్తే పోతాయి. తాతగారి షష్టిపూర్తి ఏ రోజు జరిగిందో ఇంట్లో ఎవరికీ గుర్తు లేనప్పుడు, కెమెరాలో గడియారం సరిగ్గా పెట్టి ఉంటే, ఆ తేదీ అక్కడే దొరుకుతుంది.

ప్రాజెక్ట్ సెట్టింగ్ ఫుటేజ్‌కి తగ్గట్టు ఉండాలి. అడోబీ ప్రీమియర్‌లో డీవీ పాల్ ప్రీసెట్ ఎంచుకోండి. కెమెరాలో 16:9 పెట్టి తీసి ఉంటే వైడ్‌స్క్రీన్, లేకపోతే స్టాండర్డ్. మనుషులు సన్నగా సాగినట్టో పొట్టిగా నొక్కినట్టో కనిపిస్తే ఇది తప్పు పెట్టారన్నమాట. ఫీల్డ్ ఆర్డర్ (ఫ్రేములోని సరి, బేసి గీతల్లో ఏవి ముందు రావాలన్నది) డీవీకి లోయర్ ఫస్ట్, హెచ్‌డీవీకి అప్పర్ ఫస్ట్. రెండూ ఒకే టైమ్‌లైన్‌లో కలిపి ఇది పట్టించుకోకపోతే బరాత్‌లో డాన్సులన్నీ వణుకుతాయి. దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తే కంగారు పడొద్దు, ఇంటర్‌లేస్డ్ వీడియో కంప్యూటర్ స్క్రీన్ మీద అలాగే ఉంటుంది. ఆ గీతలు పోగొట్టే డీఇంటర్‌లేస్ అనేది చివర్లో, యూట్యూబ్‌కో టీవీకో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు చేయాల్సిన పని.

ఆడియో కూడా ఒకసారి చూడండి. చాలా హ్యాండీక్యామ్‌లు 12 బిట్ మోడ్‌లో వచ్చేవి, అందులో శాంప్లింగ్ 32 కిలోహెర్ట్జ్. 16 బిట్‌లో తీసినవి 48. ప్రాజెక్ట్‌ని 48లో పెట్టి, 32తో వచ్చిన క్లిప్పులను సాఫ్ట్‌వేర్ తనంతట మార్చుకునేలా వదిలేయండి. గంట క్లిప్పు చివరికి మంత్రాలకీ పంతులుగారి పెదవులకీ పొత్తు కుదరకపోతే, క్లిప్పుని సీన్ల వారీగా కోసుకుని ఒక్కో సీన్‌లో ఆడియోని సరిచేయడం తేలిక.

పాత కంప్యూటర్‌లో అప్పటికే ఎడిట్ మొదలుపెట్టి ఉంటే ప్రాజెక్ట్ ఫైల్‌ని ఒక్కదాన్నే తీసుకెళ్తే సరిపోదు. అందులో ఉండేది వీడియో కాదు, వీడియో ఎక్కడుందో చెప్పే చిరునామాలు. వీడియోలు, ఆడియో, టైటిల్ బొమ్మలు, ప్రాజెక్ట్ అన్నీ ఒకే ఫోల్డర్ కింద పెట్టి, ఫోల్డర్ అమరిక చెదరకుండా మొత్తంగా తీసుకెళ్లండి. కొత్త కంప్యూటర్‌లో తెరిచాక "మీడియా ఎక్కడ" అని అడిగితే ఒక్క ఫైల్ చూపిస్తే చాలు, మిగతావి అదే దారిలో దొరుకుతాయి. సాఫ్ట్‌వేరే మారితే ఎడిట్‌ని ఎక్స్‌ఎంఎల్ లేదా ఈడీఎల్‌గా (ఎక్కడెక్కడ కట్ చేశారో చెప్పే జాబితా ఫైల్‌గా) ఎక్స్‌పోర్ట్ చేసి తెచ్చుకోవచ్చు. కట్‌లు వస్తాయి. డిసాల్వ్‌లు చాలావరకు వస్తాయి. ఆ రోజుల్లో పెళ్లి వీడియోల్లో తప్పనిసరిగా ఉండే పువ్వు విచ్చుకునే ఎఫెక్టులు, గుండె ఆకారంలో వధూవరులు మాత్రం రావు. అందుకు బాధపడేవాళ్లు తక్కువే అనుకుంటా.

పాత కంప్యూటర్‌లోని ఫైళ్లు తీసేసే ముందు, రెండు వేరు వేరు డిస్కుల్లో డీవీ కాపీలు ఉన్నాయో లేదో, రెండిటి చెక్‌సమ్‌లూ కలిశాయో లేదో చూడండి. క్యాసెట్లను పారేయకండి. నిలబెట్టి, డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి, స్పీకర్లకు దూరంగా పెట్టండి. ఆడుతున్న కెమెరాని పాత సామాన్లవాడికి ఇవ్వకండి. టేపులు మిగిలినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు, మీ పని అయ్యాక ఎవరో ఒకరు అడగడానికి వస్తారు.